ఆ పాటలో 'నువ్వు' ఎవరు?

మైపాడు కెరటాల దగ్గర్నుంచి సింగపూరు స్టేడియం దాకా... చెవుల్లో పాట, నోటికి తాళం!

అభిమానం అంటే ఏమిటో తెలుగు కుర్రకారుకి ఒకరు పాఠం చెప్పనక్కర్లేదు. మొదటిరోజు మొదటి ఆటకి తెల్లవారకముందే హాలు దగ్గర నిలబడటం, కటౌట్‌కి గజమాల వేయడం, తన హీరోని ఒక్కమాట అన్నాడని ప్రాణస్నేహితుడితో వారంరోజులు మాట్లాడకపోవడం... ఇవన్నీ మనకి వెన్నతో పెట్టిన విద్య. నెల్లూరు సీమ సంగతి మరీను! అప్పటికి ఈ జిల్లాలోనే ఉన్న సూళ్ళూరుపేట దగ్గర 2019లో 106 అడుగుల వెడల్పు తెరతో సినిమా హాలు వెలిసిందంటే ఊరికే వెలిసిందా? చూసే కళ్ళు ఉన్నాయి కనకే వెలిసింది.

అయితే ఇదే సీమలో ఇంకోరకం అభిమాని ఉన్నాడు. ఇతనికి అభిమాన సంఘం లేదు. ఫ్లెక్సీ లేదు. అభిమాన తార పుట్టినరోజున ఆస్పత్రిలో పండ్లు పంచడాలూ, రక్తదానాలూ లేవు. ఇతని ఆరాధ్య తారలు ఫ్రెడ్డీ మెర్క్యురీ, జార్జ్ మైకేల్, మడోనా, లేడీ గాగా. "ఇంగ్లీషు పాటల పిచ్చోడు" అని ఊళ్ళో నవ్వుకుంటారు. అంతవరకు ఫరవాలేదు. "ఆ పాటలంటే ఎందుకురా అంత పిచ్చి?" అని ఎవరైనా నిలదీస్తేనే చిక్కు. జవాబు చెప్పాలంటే తనెవరో చెప్పాలి. ఇతని మనసు అమ్మాయిల మీదికి పోదు. అబ్బాయిల మీదికే పోతుంది. ఇలాంటివాళ్ళని లోకం 'గే' అంటుంది. మన వీధి మాత్రం ఇంకో మాట అంటుంది. ఆ మాట దగ్గరికి తర్వాత వద్దాం.

ముందే ఒక సంగతి చెప్పేస్తున్నాను. ఈ వ్యాసంలో కనిపించే అభిమాని ఒక్క మనిషి కాదు. సముద్రం ఒడ్డు పల్లెల్లో పుట్టి, చదువుకుని, పొట్టకూటికి పైదేశాలు చేరిన ఇలాంటి కుర్రవాళ్ళ పోలికలన్నీ కలిపి గీసిన బొమ్మ. అందుకే పేరు లేదు. ఊరు కూడా 'మైపాడు దరిదాపులు' అనుకోండి, చాలు. బొమ్మ చుట్టూ ఉన్న పేర్లూ, తేదీలూ, చట్టాలూ మాత్రం నిజమైనవే. మనం అతన్ని 'అభిమాని' అనే పిలుచుకుందాం. ఒక హీరోకి అభిమానులైన మీకు ఆ పిలుపు పరాయిది కాదు కదా!

కువైట్ నుంచి వచ్చిన పెట్టె

నెల్లూరు తీరం గురించి బయటివాళ్ళకి తెలిసింది రెండే. చేపల పులుసు, రొయ్యల గుంటలు. తెలియంది మూడోది ఉంది... ప్రయాణం. ఈ జిల్లా నుంచీ, పక్కనున్న కడప నుంచీ గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఊరూరా ఉంటారు. ఇంటికి ఒకరు కువైట్‌లోనో, దుబాయిలోనో ఉన్న వీధులున్నాయి. వాళ్ళు సెలవుకి వచ్చినప్పుడు బంగారంతో పాటు, దుప్పట్లతో పాటు ఇంకోటి తెచ్చేవారు. టూ-ఇన్-వన్! రేడియో, టేపు రికార్డరు ఒకే పెట్టెలో.

మన అభిమాని ఇంటికి ఆ పెట్టె మేనమామ చేతిలో వచ్చింది. పెట్టెతో పాటు నాలుగైదు క్యాసెట్లు. బాలు పాటలవి రెండు, భక్తి పాటలది ఒకటి, బోనీ ఎం. ఒకటి, ఎవరి పేరో సరిగ్గా రాయని ఇంగ్లీషు పాటలది ఒకటి. ఇంగ్లీషు ముక్క రాని ఇంట్లో ఆ చివరి క్యాసెట్టు అరిగిపోయింది. 1990లు నడుస్తున్నాయి. కేబుల్ టీవీ పల్లెలకి పాకింది. పాటలకే పుట్టిన చానెళ్ళు వచ్చాయి. 1996లో మైకేల్ జాక్సన్ బొంబాయి వచ్చి ఆడి పాడాడు. అదే ఏడు మన విశాఖ కుర్రాడు రమణ గోగుల 'ఆయే లైలా' అనే పాప్ ఆల్బం తెచ్చాడు. 2000లో మన స్మిత 'హాయ్ రబ్బా' అంది. పాప్ అంటే ఎక్కడో సముద్రాల అవతల ఉన్నది కాదు, మన గడపలోకీ వచ్చింది.

ఆ రోజుల్లోనే అతనికి తన సంగతి తెలిసింది. బళ్ళో తోటి మగపిల్లలు హీరోయిన్ బొమ్మలు పుస్తకాల్లో దాచుకుంటుంటే, ఇతనికి దాచుకోవాలనిపించిన బొమ్మలు వేరు. యానివర్సరీ రోజున చిత్ర పాట తీసుకుని అచ్చం ఆమె గొంతులోని వగలతో పాడితే హాలంతా ఘొల్లున నవ్వింది. ఆ నవ్వులో ఒకడు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "వాడు తేడారా!"

తేడా... ఎంత చిన్న మాట! లెక్కల్లో తేడా వస్తే దిద్దుకోవచ్చు. మనిషే తేడా అంటే ఎక్కడ దిద్దాలి? ఆ రాత్రి నుంచి అతను పైకి పాడటం మానేశాడు. వినడం మాత్రం మానలేదు. పాడితే దొరికిపోతాం, వింటే దొరకం... ఇది ఆ వయసులో అతను కనిపెట్టిన సూత్రం!

1946లో ఇద్దరు

ఇక్కడ కొంచెంసేపు మన అభిమానిని ఆపి, అతని ఇంటి టేపు రికార్డరులో పక్కపక్కన పడుకున్న రెండు గొంతుల కథ చెప్పుకుందాం. సినిమా పత్రిక చదివేవాళ్ళకి ఇది పసందైన సంగతి.

1946 జూన్ 4న ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి నెల్లూరులో హరికథా విద్వాంసుడు సాంబమూర్తి గారు. ఆ పిల్లవాడు ఇంజనీరింగ్ చదవబోయి, 1966 డిసెంబరులో తొలి సినిమా పాట పాడి, ఇక వెనక్కి చూడలేదు. ఆయన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అని వేరే చెప్పాలా? నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని సొంత ఇంటిని 2020 ఫిబ్రవరిలో కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు. అదే ఏడు సెప్టెంబరు 25న వెళ్ళిపోయారు.

ఇదే 1946లో, మూడు నెలల తర్వాత, సెప్టెంబరు 5న ఆఫ్రికా ఒడ్డున జాంజిబార్ దీవిలో ఒక పార్శీ ఇంట ఇంకో పిల్లవాడు పుట్టాడు. పేరు ఫరూఖ్ బుల్సారా. తండ్రి తెల్లదొరల కొలువులో క్యాషియరు. పిల్లవాణ్ణి చదువుకోసం మన దేశానికి పంపారు. పూనా దగ్గర పంచగని కొండమీద సెయింట్ పీటర్స్ బళ్ళో చదివాడు. అక్కడే పన్నెండేళ్ళ వయసులో తోటిపిల్లలతో 'ది హెక్టిక్స్' అని బ్యాండు కట్టి పియానో వాయించాడు. 1964లో జాంజిబార్‌లో విప్లవం వస్తే కుటుంబమంతా చేతికందింది పట్టుకుని ఇంగ్లండు పారిపోయింది. 1970లో 'క్వీన్' అనే బృందం పుట్టింది. ఫరూఖ్ బుల్సారా ఫ్రెడ్డీ మెర్క్యురీ అయ్యాడు!

1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, ఇథియోపియా కరువు బాధితుల కోసం జరిగిన కచేరీలో, అతనికి దొరికింది ఇరవై నిమిషాల పైచిలుకు. ఆ ఇరవై నిమిషాల్లో డెబ్భైవేల మందికి పైగా జనాన్ని చేతి విసురుతో ఆడించాడు. అంత గొంతున్న మనిషి తన మనసు ఎవరి మీద ఉందో మాత్రం లోకానికి విప్పి చెప్పలేదు. విలేకరులు అడిగితే నవ్వి తప్పించుకునేవాడు. ఎయిడ్స్ సోకిన సంగతి 1991 నవంబరు 23న ప్రకటించాడు. మర్నాడే పోయాడు. అప్పటికి 45 ఏళ్ళు.

ఫ్రెడ్డీ పరదేశంలో బతికిన మనిషి. పుట్టిన దేశం ఒకటి, చదివిన దేశం ఒకటి, పాడిన దేశం ఒకటి. పేరు మార్చుకున్నాడు. జార్జ్ మైకేల్‌దీ అదే దారి. తండ్రి సైప్రస్ నుంచి ఇంగ్లండుకి వలసవచ్చి హోటలు నడిపిన మనిషి. కొడుకు అసలు పేరు యోర్గోస్ పనయోటు. నోరు తిరగని పేరు పోయింది, స్టారు పేరు వచ్చింది. తాను గే అని అతను బాహాటంగా చెప్పింది 1998లో, అదీ పోలీసులు పట్టుకున్న తర్వాత!

మన అభిమానికి ఇవన్నీ తర్వాత్తర్వాత తెలిశాయి. తెలిశాక ఒక సంగతి అర్థమైంది. తను పాటని ఎంచుకోలేదు, పాటే తనని వెతుక్కుంటూ వచ్చింది. మాటలు అర్థం కాని వయసులో కూడా ఆ గొంతులో ఏదో దాచిన బరువు ఉందని చెవికి తెలిసిపోయింది.

మరి మడోనా, లేడీ గాగా సంగతేమిటి, వాళ్ళు ఆడవాళ్ళు కదా అంటారా? అభిమానం ఎప్పుడూ కృతజ్ఞతలోంచే పుడుతుంది. ఎయిడ్స్ పేరెత్తితేనే లోకం మొహం తిప్పుకున్న రోజుల్లో, 1989లో, మడోనా తన కొత్త రికార్డు లోపల ఆ జబ్బు గురించి నిజాలు రాసిన కార్డు పెట్టి అమ్మింది. లేడీ గాగా 2011లో, పుట్టుకతోనే నేనింతే అనే అర్థం వచ్చే పేరుతో ఆల్బమే తెచ్చింది. తనకోసం ఒక్కమాట అన్న మనిషిని అభిమాని జన్మంతా మరిచిపోడు.

సింగపూరు బతుకు

2016 ప్రాంతంలో మన అభిమాని సింగపూరు చేరాడు. నెల్లూరు వాళ్ళకి మద్రాసు ఎప్పుడూ పెరటిదారే. తెలుగు సినిమా అక్కడున్న రోజుల్లో వేషాల కోసం అదే దారిన వెళ్ళారు. ఇప్పుడు విమానం కోసం వెళ్తున్నారు. మద్రాసులో ఎక్కితే నాలుగు గంటల్లో సింగపూరు. గడియారం రెండున్నర గంటలు ముందుకి తిప్పుకుంటే సరి.

రోజు ఎలా గడుస్తుందంటారా? పొద్దున్నే రైల్లో కిక్కిరిసిన జనం, చెవుల్లో పాట. ఆఫీసు. సాయంత్రం మళ్ళీ రైలు, మళ్ళీ పాట. అద్దె మండిపోతుంది కనక ముగ్గురు తెలుగువాళ్ళు కలిసి ఒక ఫ్లాటు. ఆదివారం సెరంగూన్ రోడ్డు మీద లిటిల్ ఇండియాకి పోయి గోంగూర, చింతపండు, పచ్చిమిరపకాయలు. తమిళం అక్కడ సర్కారు భాషల్లో ఒకటి. నెల్లూరు సరిహద్దు వాడు కనక అరవం గట్టెక్కిస్తుంది. వండింది చేపల పులుసే అయినా మామిడికాయ ఆ పులుపు ఇవ్వదు. ఇంటికి డబ్బు పంపడం నెలనెలా తప్పదు.

ఫ్లాటులో మిత్రులు మంచివాళ్ళే. కొత్త తెలుగు సినిమా వస్తే ముగ్గురూ కలిసే వెళ్తారు, కలిసే ఈలలు వేస్తారు. కానీ రాత్రి భోజనాల దగ్గర "నీకు ఏ హీరోయిన్ ఇష్టంరా?" అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇతను ఒక పేరు చెప్తాడు. ఎప్పుడూ అదే పేరు. మార్చితే మర్చిపోతానేమోనని భయం!

మరి ఇల్లూ వాకిలీ వదిలి ఇంతదూరం వచ్చి అతను కొనుక్కున్నదేమిటి? జీతం ఒక్కటే కాదు. ఇక్కడ ఎవరికీ అతను ఫలానా వారి అబ్బాయి కాదు. రైల్లో పక్కన కూచున్నవాడు రేపు వాళ్ళ నాన్నకి కబురు చేరవేయడు. ఊళ్ళో దొరకని ఆ కొద్దిపాటి అజ్ఞాతమే అతనికి విదేశం ఇచ్చిన పెద్ద ఆస్తి. గల్ఫ్‌లో ఉన్న ఇలాంటివాళ్ళకి ఆ ఆస్తి కూడా పూర్తిగా దక్కదు. కువైట్ చట్టంలో మగవాళ్ళ మధ్య ఇలాంటి బంధానికి ఏడేళ్ళ దాకా జైలు ఉంది. అక్కడివాడికి చెవిలో పాట కూడా తక్కువ సౌండుతోనే!

స్టేడియం సరే... పార్కు కాదు!

అయితే సింగపూరు మాత్రం స్వర్గమా? వినండి.

2015 చివర్లో అక్కడి కొత్త సంవత్సరం వేడుకకి అమెరికన్ గాయకుడు ఆడమ్ లాంబర్ట్‌ని పిలిచారు. ఇతను బాహాటంగా గే. ఫ్రెడ్డీ పోయాక ఖాళీగా ఉన్న మైకు ముందు నిలబడి క్వీన్ బృందంతో పాడుతున్నది ఇతనే. అతను వద్దంటూ వేలాది మంది సంతకాలు పెట్టారు. అతనే కావాలంటూ ఇంకొందరు సంతకాలు పెట్టారు. నిర్వాహకులు మాత్రం వెనక్కి తగ్గలేదు. డిసెంబరు 31 రాత్రి మెరీనా బే దగ్గర అతను పాడాడు. తొమ్మిది నెలలు తిరక్కుండా, 2016 సెప్టెంబరులో, కారు రేసుల వేడుకలో క్వీన్ బృందంతో కలిసి మళ్ళీ వచ్చాడు. మన అభిమాని లాంటివాళ్ళకి అది పండగే! ఫ్రెడ్డీని చూడలేకపోయిన కళ్ళు ఆ పాటల్ని ఎదురుగా చూశాయి. చుట్టూ వేలమంది గొంతెత్తి పాడుతుంటే, బళ్ళో మూసుకున్న నోరు అక్కడ మళ్ళీ తెరుచుకుంది. వేలమందిలో ఒక్కడి గొంతు ఎవరు పట్టుకుంటారు?

ఇది నాణేనికి ఒకవైపు. రెండోవైపు చూడండి. సింగపూరులో ఇలాంటివాళ్ళు, వాళ్ళని ప్రేమించే తల్లులూ, తండ్రులూ, స్నేహితులూ కలిసి 2009 నుంచి హాంగ్ లిమ్ పార్కులో 'పింక్ డాట్' అనే సభ జరుపుతున్నారు. అందరూ గులాబీరంగు బట్టలు కట్టుకుని ఒక్కచోట నిలబడతారు. పాటలుంటాయి, కబుర్లుంటాయి. అయితే 2017లో కొత్త నిబంధన వచ్చింది. పౌరులూ, శాశ్వత నివాస హక్కు ఉన్నవాళ్ళూ తప్ప విదేశీయులు ఆ సభలో నిలబడకూడదు! ఆ ఏడు పార్కు చుట్టూ కంచె కట్టి గుర్తింపు కార్డులు చూసి లోపలికి పంపారు.

అంటే మన అభిమాని టిక్కెట్టు కొని స్టేడియంలో గంతులు వేయొచ్చు. టిక్కెట్టు లేని పార్కులో మాత్రం నిలబడకూడదు. ఉద్యోగం మీద వచ్చినవాడు. ఆ ఉద్యోగం పోతే దేశం వదలాల్సినవాడు. అందుకే కంచె దగ్గరికి కూడా పోడు. ఫోనులో చూస్తాడు.

377... ఒకే నంబరు, రెండు దేశాలు

చట్టం సంగతి ఇంకా విచిత్రం. 1860లో తెల్లవాళ్ళు మన దేశానికి రాసిన శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అని ఒకటి పెట్టారు. అదే పుస్తకాన్ని సముద్రాలు దాటించి సింగపూరు, మలయా దేశాలకీ పట్టుకుపోయారు. నంబరు కూడా మార్చలేదు! సింగపూరులో 1938లో దానికి 377ఎ అని తోక తగిలించారు. మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే నేరం.

మన దేశంలో ఆ సెక్షన్ మీద కోర్టుల్లో ఏళ్ళతరబడి పోరాటం నడిచింది. 2009లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. చివరికి 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపడ్డ ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య ప్రేమ నేరం కాదని తేల్చింది. ఆ కేసు ఎవరి పేరు మీద ఉందో తెలుసా? నవతేజ్ సింగ్ జోహార్. ఆయన భరతనాట్య కళాకారుడు! కళాకారులు ఊరికే ఆడి పాడి పోతారనుకుంటాం. ఒక్కోసారి కాలి గజ్జెలతోనే కోర్టు తలుపు తడతారు.

ఆ తీర్పు వచ్చిన రెండు నెలలకే, నవంబరులో, ఫ్రెడ్డీ జీవితం మీద తీసిన 'బొహీమియన్ రాప్సొడీ' సినిమా మన హాళ్ళలోకి వచ్చింది. ఫ్రెడ్డీ వేషం కట్టిన రమీ మాలెక్‌కి 2019లో ఆస్కార్ వచ్చింది.

ఇప్పుడు తమాషా చూడండి. 2018 నుంచి స్వదేశంలో మన అభిమాని నేరస్థుడు కాడు. స్వేచ్ఛ కోసమని వెళ్ళిన సింగపూరులో మాత్రం కాగితం మీద ఆ సెక్షన్ ఇంకా ఉంది. పట్టుకోం లెండి అని ప్రభుత్వం అంటూనే ఉంది గానీ, పుస్తకంలోంచి తీసేసింది 2023 జనవరి 3న. ఇల్లు నిర్దోషి అన్నా ఇంటికి రాలేడు. పరాయిదేశం నేరం అన్నా అక్కడే ఊపిరాడుతుంది. ఎందుకంటే చట్టం ఒకటి, గడప ఇంకొకటి.

చెరువులో నిలబడ్డ తల్లి

ఆ గడప మీద ఉన్నది అమ్మ. రాత్రి ఇక్కడ తొమ్మిదికి ఫోను చేస్తుంది. అక్కడ పదకొండున్నర. నిద్ర ఆపుకుని కూచుంటాడు.

"ఏం నాయనా, అన్నం తిన్న్యావా?"

"తిన్న్యానమ్మా. మీరు?"

"ఆఁ. కావలి నుంచి సంబంధం ఒకటొచ్చుండాది. పిల్ల చదువుకోనుండాది. ఫోటో పంపిస్తా, చూడబ్బయ్యా."

"చూద్దాంలేమ్మా..."

"ఎప్పుడూ అదే మాట. ఈసారి రొట్టెల పండగలో మళ్ళీ రొట్టె తీసుకున్న్యా."

రొట్టెల పండుగ తెలియనివాళ్ళకి రెండు మాటలు. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఏటా జరుగుతుంది. హిందువులూ ముస్లింలూ తేడా లేకుండా జనం నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, విదేశీ రొట్టె... కోరికకో రొట్టె. కోరిక తీరినవాళ్ళు రొట్టె ఇస్తారు. తీరాల్సినవాళ్ళు పుచ్చుకుంటారు. పుచ్చుకున్నవాళ్ళు కోరిక తీరాక వచ్చి ఆ రొట్టె తిరిగి పంచాలి. అదీ లెక్క.

ఇలాంటి తల్లి ఒకప్పుడు కొడుకు కోసం విదేశీ రొట్టె పుచ్చుకుంది. కోరిక తీరింది. రొట్టె పంచేసింది. ఆ తర్వాత పెళ్ళి రొట్టె పుచ్చుకుంది. అది మాత్రం తిరిగి పంచే యోగం పట్టలేదు. ఏటా చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మళ్ళీ అదే రొట్టె అడుగుతోంది. కొడుకేమో తన కోరికకి ఏ రొట్టె అడగాలో తెలియక సముద్రం అవతల కూచున్నాడు. ఆమె ప్రేమలో అబద్ధం లేదు, అతని మౌనంలో ద్వేషం లేదు. అయినా ఏడాదికేడాది ఇద్దరి మధ్యా నీళ్ళు పెరుగుతున్నాయి.

చెప్పేయొచ్చు కదా అని మీరు అనవచ్చు. హైదరాబాదులో సుప్రియో, అభయ్ అనే ఇద్దరు యువకులు 2021 డిసెంబరులో ఇంటివాళ్ళ మధ్య వేడుకగా ఒక్కటయ్యారు. మాకూ పెళ్ళి హక్కు కావాలని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2023 అక్టోబరు 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. అయితే వాళ్ళ కథ పేపర్లో చదివి ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కొడుకులు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారో! ధైర్యం అందరికీ ఒకేరోజు రాదు. తొందరపెట్టే హక్కు మనకి లేదు.

తెర మీద మనం నవ్విన నవ్వు

ఇక మన సినిమా వంతు. పాఠకులారా, కోపం తెచ్చుకోకండి.

తెలుగు సినిమా ప్రేమకి చేయని న్యాయం లేదు. పేదవాడు జమీందారు కూతుర్ని ప్రేమిస్తే పాట ఇచ్చింది. కులాలు కలవని ప్రేమకి పాట ఇచ్చింది. చచ్చిపోయిన ప్రియురాలికీ, దయ్యమైన ప్రియురాలికీ కూడా డ్యూయెట్ ఇచ్చింది! ఈ కుర్రవాడి ప్రేమకి మాత్రం ఏమిచ్చింది? కామెడీ ట్రాక్. నడుం తిప్పుతూ నడిచే ఒక పాత్ర, హీరో భుజం మీద చెయ్యి వేయడం, హీరో అదిరిపడటం, హాలంతా నవ్వడం. ఆ నవ్వు నవ్వే హాల్లో, మన పక్క సీట్లో, మన అభిమాని కూడా కూచుని ఉంటాడు. అతనూ నవ్వుతాడు. నవ్వకపోతే అనుమానం వస్తుంది!

పూర్తిగా చీకటేం కాదు. 2018లో ప్రశాంత్ వర్మ 'అ!' సినిమాలో ఇద్దరు అమ్మాయిల ప్రేమని వెక్కిరింత లేకుండా చూపించాడు. పక్కింటి మలయాళంలో 2023లో మమ్ముట్టి అంతటి స్టారు 'కాదల్' సినిమాలో తన మనసు దాచుకుని సంసారం చేసిన మధ్యవయస్కుడి వేషం కట్టాడు. హీరోయిజం ఏమాత్రం తగ్గలేదు సరికదా, పెరిగింది. మనవాళ్ళకి ఆ ధైర్యం ఎప్పుడు?

పేపరు భాష కూడా అంతే. 'స్వలింగ సంపర్కుడు' అని రాస్తారు. చదివితే పోలీసు పంచనామా చదివినట్టు ఉంటుంది. వీధి 'తేడా' అంటుంది. ఒకటి కోర్టు మాట, ఒకటి కొట్టే మాట. ప్రేమించే మనిషికి పెట్టే పేరులో ప్రేమ ఎక్కడా వినిపించదు.

తెలుగు దాచిపెట్టిన రహస్యం

అయితే మన అభిమాని ఈమధ్య ఒక చిత్రమైన సంగతి కనిపెట్టాడు. నాకు వినగానే ఒళ్ళు పులకరించింది. మీతో పంచుకోకుండా ఉండలేను.

ఇంగ్లీషు పాప్ పాటలు అతన్ని ఎందుకు కట్టిపడేశాయి? వాటిలో ప్రేమికుడు ఎదుటి మనిషిని 'యూ' అంటాడు. ఆ 'యూ' అబ్బాయా, అమ్మాయా? పాట చెప్పదు. పెట్ షాప్ బాయ్స్ గాయకుడు నీల్ టెనెంట్ తాను గే అని 1994లో చెప్పాడు. అంతకుముందు ఆ పాటలు విన్నవాళ్ళంతా ఎవరికి వాళ్ళు తమ మనిషినే ఊహించుకున్నారు. తలుపు మూయకుండా ఓరగా వేసి ఉంచే పాటలన్నమాట.

హిందీలో అలా కుదరదు. 'వచ్చావు' అనాలంటే మగవాడికి ఒక మాట, ఆడదానికి ఒక మాట. క్రియ దగ్గరే గుట్టు బయటపడుతుంది. మరి తెలుగులో? 'నువ్వు వచ్చావు.' ఎవరు వచ్చారు? అబ్బాయా, అమ్మాయా? చెప్పండి చూద్దాం! 'నేను వచ్చాను' అన్నదెవరు? అదీ తెలియదు. వాడు, ఆమె అని మూడో మనిషిని చెప్పేటప్పుడే మన భాష ఆడా మగా చూస్తుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి 'నేను', 'నువ్వు' అనుకున్నంతసేపూ తెలుగు పట్టించుకోదు. 'చెలీ' అనో 'బావా' అనో పిలిచినప్పుడు గానీ బయటపడదు!

ఈ సంగతి తట్టిన రాత్రి అతను ఇంగ్లీషు పాటలు పక్కనపెట్టి బాలు పాటలు పెట్టుకున్నాడు. ఫోనులో తెర ఆపేశాడు. హీరో లేడు, హీరోయిన్ లేదు, చెట్టూ పుట్టా లేవు. గొంతు ఒక్కటే. మనసు గురించి ఆత్రేయ రాసిన పాటలు వరసగా విన్నాడు. ఆత్రేయ కూడా నెల్లూరు సీమ మనిషే. 1921లో సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టి, 'మనసు కవి' అనిపించుకున్నవాడు. మనసుకి ఆడా మగా ఏమిటి? ఆ పాటల్లో సగానికి సగం 'నేను', 'నువ్వు', 'మనసు' అన్న మూడు మాటల మధ్యే తిరుగుతాయి. అతను ఎన్నో ఏళ్ళు సముద్రాల అవతల వెతుక్కున్న ఓరవాకిలి, పుట్టిన జిల్లాలోనే, అమ్మ వినే పాటల్లోనే తెరిచి ఉంది. తెర మీది బొమ్మే దాన్ని ఇన్నాళ్ళూ కప్పేసింది.

అలాగని అతను పాప్ పాటలు మానేశాడనుకునేరు! 2025 మేలో లేడీ గాగా సింగపూరు నేషనల్ స్టేడియంలో నాలుగు రాత్రులు పాడితే, అభిమాని అన్నవాడు ఇంట్లో కూచుంటాడా? అప్పు చేసైనా టిక్కెట్టు కొంటాడు. కొత్తగా వచ్చిన అలవాటు ఒక్కటే. రాత్రి అమ్మ ఫోను చేసినప్పుడు, సంబంధాల మాట రాకముందే, "అమ్మా, ఆ బాలు పాట పెట్టు, ఇద్దరం విందాం" అంటాడు. ఆవిడ పెడుతుంది. నెల్లూరు తీరంలో ఒక చెవి, సింగపూరులో ఒక చెవి. పాట సాగినంతసేపూ ఆవిడ తన పెళ్ళినాటి రోజులు తలచుకుంటుంది. ఇతను తన మనిషిని తలచుకుంటాడు. 'నువ్వు' ఎవరని ఆవిడ అడగలేదు. ఇతను చెప్పలేదు. అయినా ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో జరగని సంభాషణ అక్కడ మొదలయిందనే నాకు అనిపిస్తుంది.

ఇక మిగిలింది సినిమావాళ్ళ పని. మీలో రేపటి పాటల రచయితలున్నారు, దర్శకులున్నారు. పెద్ద విప్లవాలేమీ అక్కర్లేదు. భాష వీలు ఇచ్చింది, గొంతులకి కొదవలేదు. ఇద్దరు అబ్బాయిలు మైపాడు ఒడ్డున పక్కపక్కన కూచుని ఉండగా ఒక మంచి పాట పెట్టండి. నడుం తిప్పడాలు వద్దు, వెనకనుంచి నవ్వుల సౌండు వద్దు. హాల్లో ఆ పాట వచ్చినప్పుడు, మన పక్క సీట్లో కూచున్నవాడు మొదటిసారి నవ్వు నటించకుండా, కళ్ళార్పకుండా చూస్తాడు. ఈల వేసినా వేస్తాడు!